మేనత్తను అడగలేదు

తమ్ముడు కిటియొనెకు నీ పెద్దక్క దీవెనలు. ప్రభువు కాపుదలలో అమ్మ, నీ భార్య లుసియానె, పిల్లలు అందరం ఇక్కడ బాగున్నాం. ఆ ఆపిల్ తోట చలిలో నీ ఛాతీ, నీ చేతులు బాగుండాలని రోజూ నీ పేరు చెప్పి ప్రార్థిస్తున్నాను. ఎదురుగా ఉంటే ఇన్ని మాటలు నీతో ఆడేదాన్ని కాను, మన ఆచారంలో అక్కాతమ్ముళ్ళు ఎక్కువ మాట్లాడుకోకూడదు కదా. ఫోన్లోనూ అంతే. కాగితం మీదైతే పరవాలేదు. పాస్టరమ్మ నువ్వున్న దేశానికే విమానం ఎక్కుతోంది, ఆమె చేతికిస్తాను.

ఇవాళ్టి పొద్దు అన్ని పొద్దుల్లాగే తెల్లవారింది. ప్రార్థన గంటకు లేచి, తడి గడ్డిలో అమ్మా నేనూ చర్చికి నడిచాం. అమ్మ పాట మధ్యలో కునికింది, ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా పలికింది. తిరిగొచ్చేసరికి లుసియానె కర్రపెండలం ఉడకబెడుతోంది. పందిపిల్లలు తొక్కల కోసం తోసుకుంటున్నాయి. నీ కొడుకు సొసైయా సముద్రంలో నానేసిన మొగలాకుల కట్టలు భుజాన వేసుకొచ్చి దండెం మీద ఆరేశాడు. నేను అల్లికకు కూర్చున్నాను.

“అత్తా, ఈ చాప ఎవరి పెళ్ళికి?” అన్నాడు.

“నీ పెళ్ళికే. నీకు పిల్ల దొరికేలోపు అయిపోతుందిలే.”

“అయితే వదినా, మీకేం తొందర్లేదు,” అంది వాళ్ళమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం. అప్పుడే ఊరి అధికారి మొసేసె నుంచి కబురొచ్చింది: ఆపిల్ తోట దొర వచ్చాడు, అందరూ సంఘం హాలుకి రావాలని.

ఆ సంగతికి ముందు నువ్వు ఉత్తరంలో అడిగినవి చెప్తాను. అమ్మ మోకాలు వానాకాలంలో వాచింది, ఇప్పుడు తగ్గింది. పెద్ద పంది ఈనింది, నువ్వు నవ్వుకున్న ఆ తెల్లదే. పెండలం తోటలో సొసైయా ఒక్కడే కలుపు తీశాడు, చెప్పించుకోలేదు. “దొర వచ్చాడా, వచ్చే కోతకు నా పేరు అన్నాడా?” అని రెండుచోట్ల రాశావు. వచ్చాడు. నీ పేరు అనలేదు.

మాంసం అట్టపెట్టెలు, బిస్కెట్ డబ్బాలు తెచ్చాడు. దొర మాటలు మొసేసె మన భాషలో చెప్పాడు. వచ్చే కోతకు మనుషుల్ని పిలిపించుకోవాలంటే దొర వాళ్ళ ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలట. ఎంతమంది, ఏ ఊరివాళ్ళు, ఎక్కడ పడుకోబెడతాడు, అన్నీ చెప్పాలట. ఈసారి వెళ్ళినవాళ్ళను బాగా చూసుకున్నాడని మన ఊరివాళ్ళు సంతకాలు పెడితే ఆయన పని సులువవుతుందట.

“మరి కిటియొనె?” అని అడిగింది వికా.

దొర నవ్వాడు. “పనిమంతుడే. కానీ నోరెక్కువ. అతని బదులు కొడుకును తీసుకుంటాను. ఆ అబ్బాయి నెమ్మదస్తుడు. తల్లి ఒప్పుకుంది.”

లుసియానె తల దించుకుంది. ఆమెను ఏమీ అనకు. మిగతా పిల్లల బడి ఖర్చులు ఆమె చూసుకోవాలి. సొసైయా మొహం వెలిగింది. అదీ చూశాను.

నీ నోరు ఎందుకు లేచిందో ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. అక్కడ గోడలు చెమర్చే గదిలో వికా కొడుకు లోపెటి జ్వరంతో మూలుగుతుంటే, పని ఆపి వ్యాన్ తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళావు. మర్నాడు అందరికీ పొడి గది కావాలన్నావు. దొరన్న నోరెక్కువతనం ఇంతే.

నేను ఆడవాళ్ళ వరసలోంచి లేచి ముందుకు వెళ్ళి కూర్చున్నాను.

“లెసియెలీ, ఇది మగవాళ్ళ మాట,” అన్నాడు మొసేసె.

“వాడు నా తమ్ముడి కొడుకు. వాడి మీద మాట ఎవరిదో నీకు నేను చెప్పాలా? మీ అక్క బతికుంటే ఈ మాట అనేవాడివేనా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తల్లి ఒప్పుకుంది కదా అని దొర మళ్ళీ అన్నాడు.

“తల్లిని అడిగావు దొరా, మేనత్తను అడగలేదు. మా ఆచారంలో తమ్ముడి పిల్లల మీద మేనత్త మాటే పైమాట. తండ్రి నోరు మూయడానికి కొడుకును అడ్డం పెడితే నేనివ్వను. నువ్వు బాగా చూసుకున్నావని మా ఇంట్లో ఎవరి సంతకమూ పడదు.”

మొసేసె దొర భాషలో ఏదో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. “మొత్తం చెప్పవయ్యా, సగం మింగేశావు,” అంది వికా. చెప్పక తప్పలేదు. ఒక్క సంతకం కూడా పడకుండా హాలు ఖాళీ అయింది.

ఇక్కడిదాకా చేయి ఆగకుండా రాశాను. ఇప్పుడు ఆగుతోంది. నీకున్న కాస్త దారీ నేనే మూసేసి ఉండొచ్చు తమ్ముడూ. నీతోపాటు మిగతావాళ్ళదీ. నిన్నడగకుండా చేశాను. క్షమించమనడం లేదు, మళ్ళీ ఆ హాల్లో కూర్చోబెట్టినా అదే మాటంటాను. కానీ ఇంకొకరి నోటి నుంచి నీకు తెలియకూడదు.

ఇంకొకటి కూడా ఉంది. ఇంటికి రాగానే సొసైయా నా చాప పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. “దొర అమ్మను అడిగాడు. నిన్ను అడగలేదని నువ్వు కోప్పడ్డావు. నన్నెవరడిగారు అత్తా?” అన్నాడు. ఒడ్డుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నమంతా ఒక్క వరస కూడా అల్లలేదు, ప్రార్థించాను.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరం కూర్చున్నాం. వికా, జ్వరం తర్వాత ఇంటికి తిరిగొచ్చేసిన లోపెటి కూడా వచ్చారు. నేను ముందు సొసైయానే అడిగాను, అందరూ వినేటట్టు. “వెళ్ళాలని ఉంది. నాన్న బదులు మాత్రం వెళ్ళను,” అన్నాడు. లుసియానె ఏడ్చింది, తర్వాత తలూపింది.

అప్పుడు నిర్ణయించుకున్నాం. దరఖాస్తులో నీ పేరు ముందుండాలి, పొడి గదులుండాలి. నీ పేరు పక్కన వాడి పేరూ ఉంటే వాడు వస్తాడు. లేకపోతే మన ఇంటినుంచి, వికా ఇంటినుంచి ఎవరూ వెళ్ళరు. ఇంకో దొరను వెతుక్కుంటాం, లేదా పెండలమే పండించుకుంటాం. మన ఇంటికిచ్చిన మాంసం పెట్టె తెరవకుండా తిరిగి ఇచ్చేస్తాం. అమ్మ ఆ ఒక్కదానికే నిట్టూర్చింది.

రేపు దొరకు ఈ మాట నేనే చెప్తానన్నాను. సొసైయా ఒప్పుకోలేదు.

“నెమ్మదస్తుడు కావాలన్నాడుగా అత్తా,” అన్నాడు. “నేనే వెళ్ళి నెమ్మదిగా చెప్తాను.”

ఇట్లు,
ఏ పూటా నీ పేరు మరవని నీ పెద్దక్క
లెసియెలి