పెద్దసార్ల మంచం

చెల్లీ జయంతీ, నాయన కంటి ఆపరేషన్ బాగా జరిగింది, దిగులు పడొద్దు.

ఆస్పత్రికి దగ్గరని నాయన మెంబరుగా ఉన్న మిలిటరీ క్లబ్బులో దిగాం. పాత సిపాయిలకు గదులు లేవని మెట్ల కింద, కొళాయిలో నీళ్లు రాని కొట్టుగది చూపించారు. పైన ఆఫీసర్ల గదులేమో ఖాళీ! ఊరుకుంటానా? "తూటా ర్యాంకు చూసి తగులుతాదా అప్పా?" అని మేనేజరుతో కొట్లాడి పైన ఒక గది తాళం తీయించాను.

నాయన మాత్రం మంచం తాకలేదు. "పెద్దసార్లు పండుకునేదిరా అది. నీ న్యాయం మీద నువ్వే పండుకో పో" అని బండల మీద పడుకున్నాడు. ఆ కొట్టులోనైతే మంచమన్నా ఎక్కేవాడు.

ఆదివారం వచ్చేటప్పుడు నాయన కంబళి తీసుకురా. గొర్రెలకు ట్యాంకరు నీళ్లు అందుతున్నాయా? పిల్లలకు నాయన ఆశీస్సులు. రూము చాలా బాగుందని రాయమంటున్నాడు, నేల మీద నుంచే.

మీ అన్న,
వీరేష్