ఆ నవ్వు నాదేనా

అక్కా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. మనసు నిలకడకని డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. ఆ మందుకి చెయ్యి కాస్త వణుకుతోంది. కుట్టుపని దగ్గర సూదిలో దారం పక్క మిషనావిడే ఎక్కించి పెడుతోంది.

నిన్న ఆవిడ ఒక చొక్కాకు చేతులు తిరగేసి కుట్టేసి, "వెనక్కి నడిచేవాళ్లకి సరిపోతుందిలేవే!" అంది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. అంతలోనే టక్కున ఆపేశాను. ఇది నా నవ్వేనా, జబ్బు మళ్లీ తిరగబెడుతోందా? జబ్బు ముదిరినప్పుడూ ఇలాగే పగలబడి నవ్వేదాన్ని కదా. ఆవిడ "ఏమైందే?" అంటే ఆ చొక్కా అందుకుని కుట్లు విప్పసాగాను. డాక్టరమ్మేమో "మందు వేసుకుంటే నవ్వకూడదని ఎవరన్నారమ్మా?" అంటోంది. నాకు మాత్రం తేలడం లేదు.

జబ్బు రాకముందు నేనెలా నవ్వేదాన్నో ఉన్నదున్నట్టు రాయి. నా ఉన్ని శాలువా పంపు. పాపకి పళ్లొచ్చాయా? బావగారికి నమస్కారాలు, పాపకి ముద్దులు. నీ జవాబు వచ్చేదాకా నవ్వు కాస్త ఆపుకుంటాను.

నీ చెల్లి