మునిగిన బావికి వేసిన లింకు

జూన్ 15, ఆదివారం
గొంతు పోయింది. పొగడగుంట కాలనీలో ఆరాధన. రేకుల షెడ్డు, మైకు లేదు. ఉన్నా నాకు అక్కర్లేదు.

మారా నీళ్ల దగ్గర సణిగిన జనం గురించి చెప్పాను. సముద్రం చీల్చి దాటించినవాణ్ని మరిచి, నీళ్లు చేదంటూ మోషే మీద పడ్డ జనం. ఎవరిని అంటున్నానో షెడ్డులో అందరికీ తెలుసు. ఎలీశమ్మత్త — పంచాయతీ నీళ్ల ట్యాంకర్ ఆపినప్పటి నుంచి నోరు మూయదు. బోరు నీళ్లకు పప్పు ఉడకదట. మనవరాలి పళ్ల మీద పసుపు మచ్చలట. "పరీక్ష చేసిన నీళ్లు! మా ఆఫీసు కేటలాగ్‌లో ఉంది! నా చేత్తో ఎక్కించినా!" అని ఫోను పైకెత్తి చూపించాను. ఆమెన్ అన్నారు. ఆమె అనలేదు.

అయిపోయాక ఆమే చెంబుతో నీళ్లు తెచ్చింది. "గొంతు తడుపుకోప్పా, శానా అరిచినావు." తాగాను. తియ్యగా ఉన్నాయి.

"ఈ నీళ్లకేనా అత్తా ఇంత గోల?"

చెంబు తీసుకుని పోయింది.

జూన్ 16, సోమవారం
ప్రొద్దుటూరు ఆఫీసు. కరెంటు రెండుసార్లు పోయింది.

జిల్లాలో ఏ బావి నీళ్లు ఎలాంటివో పరిశోధన చేసేవాళ్లు చూసుకునే కేటలాగ్ ఇది. ఫలితాలు పులివెందుల ల్యాబు నుంచి వస్తాయి. అవి ఎక్కడివి, ఎప్పటివి, బావివా బోరువా — ఆ వివరాలు నింపి, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారి వేసేది నేను. మెటాడేటా అంటారు. నాకెవరూ నేర్పలేదు. గ్రంథంలో వాక్యం పక్కన సన్నక్షరాలతో రిఫరెన్సులుంటాయి కదా — ప్రవక్త దగ్గర మొదలుపెట్టి, కీర్తన మీదుగా, సువార్తకు చేర్చే దారులు. వాటిని పట్టుకుని తిరిగినవాడికి లింకులు వేయడం ఎంతసేపు.

కాలనీ పేజీ మళ్లీ తెరిచి చూసుకున్నాను. ఎంత శుభ్రంగా ఉంది!

ఎలీశమ్మత్త ముఖం మాత్రం మధ్యలో గుర్తొస్తోంది.

జూన్ 17, మంగళవారం
మస్తాన్ సీసాల పెట్టె దింపాడు. ఊరూరా తిరిగి నీళ్లు పట్టుకొచ్చేది అతనే. మొన్న కాలనీ బోరు నుంచి కూడా పట్టాడట, ల్యాబు మేడం చెప్పిందని.

"దాని ఫలితం ఎక్కించి ఉండాది గదా మస్తాన్, మళ్లా ఎందుకు?"

"నాకేం తెలుసన్నా. ఆయమ్మ తెమ్మనె, నేను తెస్తి." తర్వాత నవ్వాడు. "ఆ నీళ్లు నోట్లో ఏసుకుంటే ఉప్పు సముద్రమే. నువ్వు యాడ తాగినావన్నా తియ్యగా?"

ఎలీశమ్మత్త ఇంట్లో అన్నాను.

"అది జమ్మలమడుగు క్యాన్ నీళ్లన్నా! నీ కోసమని శనివారం తెప్పిచ్చి మూలకు పెడతాది. ఆ మనవరాలు ముట్టుకున్నా తిడతాది. ఊరంతా తెలుసు... నీకు తెల్దా?"

తెలియదు.

జూన్ 19, గురువారం
పులివెందుల నుంచి మేడం ఫోను.

"అన్నా, పొగడగుంట బోరులో ఫ్లోరైడ్ హద్దు దాటింది. బాగా దాటింది. పిల్లలు తాగకూడదు, పళ్లు పాడవుతాయి. ఎక్కిద్దామంటే బోరు రికార్డే కనపడ్డంలేదు. యాడ పోయింది?"

చూస్తానన్నాను. చూడనక్కర్లేదు, నాకు తెలుసు.

పోయిన నెలలో పొగడగుంట పేరు మీద రెండు రికార్డులు కనిపించాయి. ఒకదానికి ఫలితం ఉంది, మ్యాపులో చోటు సరిగా లేదు. ఇంకోదానికి కాలనీ చోటు సరిగ్గా ఉంది, ఫలితం గడి ఖాళీ. ఒకటే రెండుసార్లు పడిందనుకుని కలిపేశాను. రెండు సగాలు ఒక నిండు అయ్యాయని సంబరపడ్డాను కూడా.

మొదటిది కాలనీ జనం ఇదివరకున్న పాత ఊరి బావి. రిజర్వాయరు కింద ఉంది ఇప్పుడు. మనుషులు దిగి తోడుకున్న బావిలో చేపలు తిరుగుతున్నాయి. దాని తియ్యటి ఫలితాన్ని తెచ్చి కాలనీ బోరుకు తగిలించాను.

జూన్ 20
నిద్రలేచినప్పటి నుంచీ ఒకటే ఆలోచన. 'నీటి వనరు: దిగుడు బావి' అని ఆ రికార్డులో ఒక గడి ఉంది. చదివాను. కాలనీలో బావి లేదని నాకు తెలుసు! ప్రతి ఆదివారం పోయే చోటు. అయినా చేయి ఆగలేదు.

ఎందుకు ఆగలేదో కూడా తెలుసు. ఊరు మునిగినప్పుడు వాళ్లు ఊరి పేరున్న రాయిని పెకలించి ట్రాక్టరులో ఎక్కించుకొచ్చి కాలనీ మొదట్లో నాటారు. కాగితాల్లో 'కొత్త పొగడగుంట' అని రాస్తే ఒప్పుకోలేదు. వాళ్ల కోసం రెవెన్యూ ఆఫీసుకు పోయి గొంతు చించుకున్నది నేనే. జనం ఉన్న చోటే ఊరు, కొత్తా పాతా లేదు, దేవుని మందసం ఎక్కడికి పోతే ఇశ్రాయేలు అక్కడే అని.

రెండు రికార్డుల మీదా ఆ ఒక్క పేరే. పేరు మోసుకొచ్చారు. నీళ్లు మోసుకురాలేదు.

జూన్ 21, శనివారం
రికార్డులు విడదీశాను. బావి పేజీలో — 'ఈ బావి ఇప్పుడు లేదు, రిజర్వాయరులో మునిగింది.' బోరు పేజీలో — ఫ్లోరైడ్, తాగరాదు, ఎర్రటి అక్షరాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి లింకు, ఎందుకు వేరో ఒక్క వాక్యం. మొదట్లోనే రాయాల్సిన వాక్యం.

తర్వాత పంచాయతీ సెక్రటరీకి ఫోను చేశాను. ట్యాంకర్ మళ్లీ పంపండి సార్...

"మీరే గదా బ్రదర్ వాట్సాప్‌లో పెట్టింది, నీళ్లు బాగుండాయని? ఆ పేజీ చూపిచ్చే ట్యాంకర్ వేరే ఊరికి రాయిచ్చినా. ఇప్పుడు బాగలేవంటే పైవాళ్లు నన్ను చూసి నగరా?"

పేజీ మార్చాను సార్, చూడండి.

"నా దగ్గర పాత పేజీ ఫొటో ఉండాది. ఫైల్లో ఉండేదీ అదే. కొత్త రిపోర్టు కాగితం మీద రానీ, చూస్తాం."

లింకు మార్చగలను. ఫొటోకు లింకు ఉండదు.

జూన్ 22, ఆదివారం
చెప్పాను. ఆశీర్వాదం అయ్యాక, జనం చెప్పులు వెతుక్కుంటుండగా. బోరు నీళ్లు మంచివి కావు, పేజీలో పొరపాటు జరిగింది, పిల్లలకు పోయొద్దు... 'జరిగింది' అన్నాను. 'చేశాను' అనలేదు.

ఎలీశమ్మత్త గడప దగ్గర నిలబడింది.

"ఏమప్పా, ఏందో గొణుగుతాండావు?"

మళ్లీ చెప్పాను.

"ఎనక కూర్చున్నోళ్లకు ఇనపల్యా. పోయిన వారం నన్ను తిట్టింది రోడ్డు దాకా ఇనపడె. ఈ మాట గూడ అంత గట్టిగా చెప్పప్పా."

ఎవరో నవ్వారు. చెంబు తెచ్చి ఇచ్చింది, ఎప్పటిలాగే. తాగాలనిపించలేదు. తాగకపోతే అవమానం ఆమెకు. తాగాను.

జూన్ 24
సంచిలో మేడం రిపోర్టు కాగితం, జమ్మలమడుగు బస్సు. సెక్రటరీ లేడు. మీటింగు.

జూన్ 26, గురువారం
ఈ రోజు ఉన్నాడు. కాగితం తీసుకున్నాడు, ముద్ర వేశాడు. "పైకి పంపుతాం బ్రదర్."

ఎన్నాళ్లు సార్?

"దేవునికే తెలియాల. మీకు దగ్గరోడు గదా, అడగండి."

ఇంకో రోజైతే నోటికి వాక్యం వచ్చేది.

జూన్ 28
మారా కథ మళ్లీ చదివాను. ఇన్నేళ్లు సణిగినవాళ్ల మీదే చెప్పాను. నీళ్లు నిజంగానే చేదు కదా అక్కడ. వాళ్లు అబద్ధం చెప్పలేదు. దేవుడు వాళ్లను తాగమని గద్దించలేదు — చెట్టు చూపించాడు, మోషే దాన్ని నీళ్లలో వేశాడు, నీళ్లు మారాయి. గద్దించింది నేనే.

జూన్ 29, ఆదివారం
ప్రసంగం మొదట్లోనే చెప్పాను. గట్టిగా. "నేను చేసినా. మునిగిపోయిన బాయి నీళ్ల లెక్క తెచ్చి మీ బోరుకు పెట్టినా. ఎలీశమ్మత్త చెప్పిందే నిజం. ఆయమ్మను ఈ షెడ్డులోనే అవమానం చేసినా." షెడ్డు రేకులు అదిరాయి. వెనక కూర్చున్నవాళ్లకు వినపడింది. ఆమెన్ అనలేదు ఎవరూ. అనాల్సిన చోటు కాదు కూడా.

తర్వాత వాక్యం చెప్పాను. ఎండ. గొంతు ఎండింది. ఆఖరి పాట అయ్యేదాకా చెంబు కోసం చూశాను.

రాలేదు.

పోయేటప్పుడు వాళ్ల వాకిట్లో ఆగాను. మనవరాలు మెట్టు మీద కూర్చుని ఉంది, ఆ చెంబే చేతిలో. రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది. నన్ను చూసి ఆపి, నవ్వింది. మచ్చలు.

ఎలీశమ్మత్త లోపలి నుంచే — "ఈ పొద్దు నీకు నీళ్లు లేవప్పా. క్యాన్ పిల్లకు ఇచ్చినా. నీకు కావల్లంటే బోరుది ఉండాది."

ఇవ్వు అత్తా అన్నాను.

"వద్దులే. అలవాటు లేనోడివి, నీకు పడదు." గడపలోకి వచ్చి — "ట్యాంకర్ ఎప్పుడొస్తాదంట?"

పైకి పంపారు అన్నాను.

"పైకి అంటే యాడికి?"

బస్సులో కూడా అదే ప్రశ్న... ఇప్పటికీ.