ఏడో అంతస్తు, తూర్పు వాకిలి

పుణే, నారాయణ్ పేఠ్
ఆదివారం మధ్యాహ్నం

మధుకర్,

మన టవర్లో ఒక కూలిమనిషి పడి చచ్చిపోయిందని నీకు తెలుసు. ఇల్లు బుక్ చేసుకున్న వాళ్లందరికీ బిల్డరు ఆఫీసు పంపిన కబురు నీ ఓడకూ చేరింది. తెలిసి కూడా నువ్వు నన్ను అడిగింది ఏమిటి? "చిన్న ప్రమాదమట గదా, తాళాలివ్వడం ఆలస్యం కాదుగా?" అని. ఆ పక్క వాక్యంలోనే, వంటింట్లోకి పొద్దుటెండ పడుతుందా అని. పడుతుంది. నువ్వు ఎదురుగా ఉంటే ఆ ఉత్తరం నీ మొహాన విసిరికొట్టేదాన్ని.

మేమందరం క్షేమమే. నువ్వూ అలాగే ఉండాలి, ఇంజన్ గదిలో ఒళ్లు జాగ్రత్త. ఓవీకి జ్వరం తగ్గి బడికి వెళ్తోంది. మీ అమ్మ మోకాలు బాగా వాచింది. మన మెట్లు ఒక్కొక్కటీ కూర్చుని దిగుతోంది. "ఆ కొత్తింట్లో లిఫ్టు ఉంటుందిగా" అని నెలన్నర కిందటి దాకా రోజుకోసారైనా అనేది. ఇప్పుడు అనడం లేదు. ఎందుకో చెబుతాను, ముందు నీ ప్రశ్నలు కానీ.

అక్కడ నీళ్లు: ట్యాంకరే. నది నీళ్ల గొట్టం వచ్చే ఏడాది వస్తుందని మూడేళ్లుగా చెబుతున్నారు. బడి: ఓవీ రెండు బస్సులు మారాలి. ఇక మన ఇంటి యజమాని కేళ్కర్ మళ్లీ వచ్చాడు. "వదినగారూ, అద్దెవాళ్ల హక్కుల మీద మీ పత్రికలో రాసింది చదివాను. భలే రాశారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యడం మాత్రం మారదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తొమ్మిదేళ్లలో ఇది మనకు ఆరో ఇల్లు.

ఎక్కడుండాలో ఎంచుకోవడం మన హక్కు అంటావు నువ్వు. మనం ఎప్పుడు ఎంచుకున్నాం? పాత ఊళ్లో, ఈ పేఠ్‌లలో, ఇల్లు తర్వాత ఇల్లు ఖాళీ చేయించారు. కోథ్రూడ్ ధర అందలేదు. హడప్‌సర్ అప్పటికే నిండిపోయింది. చివరికి వాఘోలీ అవతల, జొన్న చేలు చదును చేసిన చోట, ఒక బొమ్మ అంటించి మీ కలల ఇల్లు ఇదే అన్నారు. మనం తలూపాం. గెంటించుకున్నవాడు తనకంటే దిక్కులేనివాడి నెత్తి మీద కాలు మోపి నిలదొక్కుకోవాలి. ఈ ఏర్పాటుకే నగరాభివృద్ధి అని పేరు. ఇరవై రెండేళ్లుగా ఇదే రాస్తున్నాను. రాయడం వేరు, ఆ నెత్తి మన కాలి కింద మెత్తగా తగలడం వేరు.

మధుకర్, ఆ రోజు నేనూ మీ అమ్మా అక్కడే ఉన్నాం. ఆరు వారాలుగా నీకు రాయకుండా దాచాను.

ఇల్లు ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెళ్లాం. గేటు దగ్గర రుతుజా అనే సేల్స్ అమ్మాయి చూడవచ్చినవాళ్లకు తెల్ల హెల్మెట్లు పెడుతోంది. "నాకెందుకే ఈ గిన్నె? ముడి చెదిరిపోతుంది" అంది మీ అమ్మ.

"రూలు బామ్మగారూ. మీ ప్రాణం మాకు ముఖ్యం."

"మరి ఆ తట్ట మోసే పిల్ల ప్రాణమో?"

"అయ్యో, వాళ్లకి అలవాటే బామ్మగారూ!" అని నవ్వేసింది ఆ అమ్మాయి. నేనూ కొంచెం నవ్వాను.

ఏడో అంతస్తులో, మన వాకిలికి ఎదురుగా, లిఫ్టు కోసం కిందిదాకా వదిలిన గొయ్యి ఉంది. దాని మీద ఒక చెక్క పలక పరిచారు, అంతే. ఆ వరండా ఇరుకు. ఎదురుగా తట్టలో సిమెంటు మోసుకొస్తున్న ఆమె మమ్మల్ని చూసి ఆగింది. ముప్పై ఏళ్లుంటాయేమో. మంచి చీరల్లో ఉన్నామని, మాకు సిమెంటు అంటుకోకూడదని, "వెళ్లండి తాయీ, మీరు ముందు వెళ్లండి" అంటూ రెండడుగులు వెనక్కి వేసింది. మూడో అడుగు పలక మీద పడింది.

పలక విరిగిన చప్పుడే విన్నాను. ఆమె అరవలేదు. అరిచిందేమో, మీ అమ్మ కేకలో నాకు వినపడలేదు.

మాకు దారి ఇవ్వడానికి చచ్చిపోయింది. ఆమె పేరు ముక్తా. బీడ్ జిల్లా. మన టవర్ పక్కనే రేకుల గుడిసెలో ఉండేది. టవర్ పూర్తవగానే ఆ రేకులు విప్పి, ఇంకో టవర్ పక్కన వేస్తారు. ఈ ఊళ్లో ఎక్కడుండాలో ఆమెనెవరూ అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మేం కిందికి దిగాక సూపర్‌వైజర్ గావ్డే పరిగెత్తుకొచ్చి, "తాయీ, మీ హెల్మెట్ ఇలా ఇవ్వండి, అర్జెంటు" అన్నాడు. తీసి ఇచ్చాను. ఎందుకని అడగలేదు. పోలీసులు వచ్చి మమ్మల్ని పిలిచేసరికి అది ముక్తా తల పక్కన పడి ఉంది. నా హెల్మెటే. ముందువైపు పద్నాలుగు అంకె ఉంది, నాకు గుర్తే. పగిలిన తలకి పగలని హెల్మెట్!

జమాదారు పంచనామా రాశాడు. కంపెనీ హెల్మెట్ ఇచ్చినది, హెచ్చరిక బోర్డు ఉన్నది, మృతురాలి అజాగ్రత్త. "రెండో సాక్షిగా చదువుకున్నవాళ్లు ఎవరైనా సంతకం పెట్టాలి మేడమ్" అన్నాడు. బోర్డు లేదని నాకు తెలుసు. గావ్డే నా చెవి దగ్గర, "కేసు పడితే పని ఆగిపోతుంది తాయీ. మీ తాళాలు ఏడాది వెనక్కి పోతాయి" అన్నాడు. కేళ్కర్ గుర్తొచ్చాడు. మీ అమ్మ మోకాలు గుర్తొచ్చింది. సంతకం పెట్టాను. వ్యాసాల కింద ఇరవై రెండేళ్లుగా పెడుతున్న పేరే, పూర్తిగా, స్పష్టంగా.

వచ్చేటప్పుడు రిక్షాలో మీ అమ్మ ఒకే మాట అంది: "మనకి కావలసింది ఇల్లు, నోరు కాదు." ఆనాటి నుంచి ఆవిడ ఆ ఇంటి ఊసెత్తలేదు.

పోయిన గురువారం ముక్తా ఆడపడుచు జీజా మా పత్రిక నడిపే సంఘం ఆఫీసుకి వచ్చింది. "మీరు అర్జీలు రాసిపెడతారటగా తాయీ. మా వదినకి ఆ తలటోపీ ఎన్నడూ ఇవ్వలేదు. ఇచ్చామని ఎవరో సంతకాలు చేశారంట. వాళ్ల పేర్లు చదివి చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం" అని పంచనామా నకలు నా ముందు పెట్టింది. మొదటి పేరు చదివాను, అక్కడి వాచ్‌మన్‌ది. రెండోది సరిగా పడలేదమ్మా, తెలియడం లేదు అన్నాను. ఆమె నమ్మింది. "కాస్త చాయ్ తాగండి తాయీ, మొహం పీక్కుపోయింది" అని నాకే చాయ్ తెప్పించింది.

నువ్వు ఏం రాస్తావో నాకు తెలుసు. 'ఇప్పుడు చెబితే మాత్రం ఆమె లేచొస్తుందా కుముద్' అంటావు. రాదు. కానీ ఆ కాగితం మీద ఇంకా ఆమెదే తప్పు. 'ఎవరి ఇంటి కింద మాత్రం శవం లేదు?' అంటావు. అదే నా వాదన కూడా. శవం ఉందని తెలిశాక దాని మీద మంచం వేసుకునేవాడిని అమాయకుడు అనడానికి వీల్లేదు. నిన్నొక్కడినే అనడం లేదు.

పన్నెండో తారీకున కార్మిక శాఖ విచారణ. అంతకు ముందే జీజా దగ్గరికి వెళ్లి, రెండో పేరు నాదేనని చెబుతాను. మొహాన ఉమ్మితే తుడుచుకుంటాను. తర్వాత విచారణలో చెబుతాను. పెట్టిన సంతకాన్ని కాదన్నందుకు నా మీద కేసు పడొచ్చు, సంఘం నన్ను తీసేయొచ్చు. నీ అనుమతి అడగడం లేదు. నీ నుంచి కావలసినవి ఇవి:

ఇల్లు మనిద్దరి పేర ఉంది. ఈ ఉత్తరంతో పెట్టిన బుకింగ్ రద్దు కాగితం మీద సంతకం చేసి, ఓడ రేవుకి చేరగానే పంపు.

మీ అమ్మకి నువ్వే రాయి. ఆవిడా చూసింది. సాక్ష్యం చెప్పాలి. నా మాట వినదు, నీ మాట వింటుంది.

నెలాఖరుకి యెరవడాలో కింది అంతస్తు రెండు గదుల్లోకి మారుతున్నాం. మరుగుదొడ్డి చుట్టుపక్కల వాళ్లందరికీ ఒకటే. దాని గురించి ఫిర్యాదు రాయకు.

నేను చేసింది ఓవీకి నేనే చెబుతాను. నువ్వు తేలిక చేసి చెప్పకు.

నన్ను ఓదార్చకు.

వచ్చే ఉత్తరంలో "ప్రమాదం" అని రాయకు. ముక్తా అని రాయి.

ఇట్లు,
నీ భార్య, ఓవీ తల్లి
కుముద్