కోతపండుగలో వేలమైపోయిన మైలు పరుగు కప్పును గురించి

మహారాజశ్రీ స్కూళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు, కళాశాల క్రీడాకారుల సన్మాన సంఘం అధ్యక్షులు, ఆత్మకూరు, వారి సముఖమునకు,

మర్రిపాడు కాపురస్థుడు, సేద్యగాడు, పాలేటి ఓబయ్య వ్రాసుకొన్న అర్జీ. తేది 20-11-1957.

అయ్యా,

విషయం: కాలేజీలో ఆడి, తరువాత హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టర్లయి పిల్లలను తయారుచేసిన వారికి వచ్చే నెల 7వ తేదీన ఆత్మకూరులో జరుగు సన్మానము – అందులో నా కుమారుడు పాలేటి సామ్యేలు (డ్రిల్లు మాస్టరు, ఉదయగిరి) పేరు కొట్టివేయబడుట – తప్పు వానిది కాదు, నాది అగుట – పేరు మరల చేర్చవలెనని ప్రార్థన.

1. నేను ఊరి బడిలో నాలుగో తరగతి వరకు చదివినవాడను. ఆఫీసర్లకు రాసే పద్ధతి కొంచెమే తెలియును. ఎదుట నిలబడి చెప్పే పద్ధతి బొత్తిగా తెలియదు. పోయిన సోమవారం తమ ఆఫీసు వసారాలో మధ్యాహ్నం దాకా నిలబడినాను. తమరు బయటికి వచ్చినప్పుడు దండం పెట్టినాను. తమరు కూడా పెట్టి జీపు ఎక్కినారు. ఆ దండానికి వెనక ఉన్న సంగతి ఇది.

2. సామ్యేలు 1941లో కాలేజీ తరఫున మైలు పరుగులో మొదటివాడుగా వచ్చినాడు. చెప్పులు లేకుండా పరిగెత్తినాడు. దానికి రెండు చెవుల కప్పు ఒకటి ఇచ్చినారు. దానిమీద కాలేజీ పేరు, వాని పేరు, సంవత్సరం చెక్కి ఉన్నవి. తరువాత మద్రాసులో డ్రిల్లు ట్రైనింగు అయి, పదమూడేండ్లుగా ఉదయగిరిలో పిల్లకాయలను పరిగెత్తిస్తున్నాడు, తానూ వాళ్ళతో పరిగెత్తుతున్నాడు. వాని దగ్గర నేర్చినవాళ్ళు ఇద్దరు పోలీసులో చేరినారు. వాళ్ళిప్పుడు ఎవరి వెంట పరిగెత్తుతున్నారో నాకు తెలియదు. పరుగు మాత్రం మా వాడు నేర్పినదే.

3. సన్మానానికి పేరు చేర్చవలెనంటే కాలేజీలో ఆడినట్టు కాగితం గాని, పేరు చెక్కిన బహుమతి గాని చూపించవలెనని తమ సంఘం వారు రూలు పెట్టినారు. పిల్లలకు నేర్పినట్టు కాగితం అడగలేదు. కాలేజీ వారికి రాస్తే ఆ సంవత్సరపు రిజిష్టరు వానకు తడిసిపోయినదని జవాబు వచ్చినది. ఆ జవాబు చేత పట్టుకొని నేనే తమ గుమాస్తా దగ్గరకు పోయినాను.

“మైలు పరిగెత్తినట్టు కాగితం ఉండాదా?” అన్నారు.

“కాగితం లేదు సార్. పరిగెత్తినాడు.”

“పరిగెత్తింది మేం చూడలేదు గదా పెద్దాయనా. కాగితమైతే చూస్తాం.”

“రిజిష్టరు తడిసినట్టు కాగితం ఉండాది సార్.”

“అది తడిసినట్టు రుజువు. పరిగెత్తినట్టు కాదు.”

ఆ మాట న్యాయమే. బస్సు ఎక్కి వచ్చేసినాను. సామ్యేలు పేరు మీద గీత పడినది.

4. ఇక కప్పు. ఇక్కడే నా తప్పు ఉన్నది.

1949లో మా పక్క వానలు లేవు. చేలో విత్తినది విత్తినట్టే ఎండినది. మా క్రైస్తవుల గుడిలో ఏటా కోతపండుగ చేస్తారు. పండినదానిలో మొదటిది తెచ్చి బల్లమీద పెడతాము. వడ్లు, సజ్జలు, గుమ్మడికాయలు, కోళ్ళు. ఆరాధన అయినాక అన్నీ వేలం పాడతారు. ఆ యేడు నా చేతిలో పెట్టడానికి ఏమీ లేదు. వట్టి చేతులతో గుడికి పోవడానికి సిగ్గయినది. సామ్యేలు ఉదయగిరిలో ఉన్నాడు. కప్పు ఇంట్లో గూటిలో ఉన్నది. తువ్వాలులో చుట్టి తీసుకుపోయి, అందరూ పాట పాడుతున్నప్పుడు బల్లమీద పెట్టి వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాను.

కప్పు పంట కాదు గదా, దానిని వేలం వేయరు, గుడిలోనే బల్లమీద ఉంచుకుంటారు, ప్రతి ఆదివారం చూసుకోవచ్చు అని నేననుకున్నాను. అరవై యేండ్లుగా ఆ గుడికి పోతున్నవాణ్ణి, అలా ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు. వేలం పాడే వరదయ్య గుమ్మడికాయ అయిపోగానే కప్పు ఎత్తి పట్టుకున్నాడు.

“రెండు చెవులుండాయి! మజ్జిగ తాగొచ్చు, బిడ్డకు నీళ్ళు పోయొచ్చు! ఎవురు పాడతారు, గమ్మున పాడండి!”

లేచి వద్దని చెప్పవలసినది. తలుపు దగ్గరే ఖాళీ తువ్వాలు మడుచుకుంటూ కూర్చున్నాను. కోళ్ళు కొనడానికని వేలానికి వచ్చిన మల్లికార్జునం శెట్టిగారు వెండి అనుకొని పాడి తీసుకున్నారు.

ఇంటికి వచ్చినాక నా భార్య లిదియమ్మ అడిగినది. “దేవుడు నిన్ను కప్పడిగినాడా? వానలు కురిపించనోడికి నీ వట్టి చేతులు కనపడవా?”



5. తరువాత కంసాలి గీకి చూస్తే ఆ కప్పు ఇత్తడి, పైన వెండి పూత అని తేలినది. అప్పటినుంచి నేను అంగడి ముందు పోతే శెట్టిగారు పిలిచి చెబుతుంటారు. “ఓబయ్యా, నీ కొడుకు మైలు పరిగెత్తింది ఇత్తడికంట! మాకు ముందే చెప్పుంటే పుంజును పాడుకొనుందును గదా!” కప్పు మాత్రం వాళ్ళ అంగట్లోనే, చెనిక్కాయల నూనె డబ్బా అంచుకు చెవితో తగిలించి ఉన్నది. జిడ్డు తుడిస్తే వాని పేరు ఇప్పటికీ చదవవచ్చును. నేను రెండుసార్లు తుడిచి చదివినాను.

రెండు రోజులకు ఇప్పించమని పోయిన వారం అడిగినాను.

“ఇచ్చేదానికేం ఓబయ్యా. నాదిగా ఇస్తానా, నీదిగా ఇస్తానా? ఆఫీసరు చేతికి పోతే ముందర నా కొలత మీద సర్కారు ముద్ర ఉండాదా అని చూస్తాడు, ఆ మీదట నీ కొడుకు పరుగు చూస్తాడు.”

అందువల్ల ఈ కింది మాట శెట్టిగారు చెప్పగా చెప్పినట్టు రాయడమైనది: సదరు కప్పుతో అంగట్లో నూనె కొలవడం లేదు. తోడడం మాత్రమే జరుగుచున్నది. కొలిచే గిద్దె వేరు, దానికి ముద్ర ఉన్నది. ఈ మాట అర్జీలో ఉంటేనే కప్పు గడప దాటిస్తామన్నారు. శెట్టిగారు కూడా వెంట వచ్చి, తమరు చదివినాక తిరిగి పట్టుకుపోతారట.

6. ఇది రాయవలెనో వద్దో తెలియలేదు, అయినా రాస్తున్నాను. సన్మానం జాబితాలో పై పేరు రామనారాయణ అనే మాస్టరుగారిది. వారిది ఏ స్కూలో రాయను. వారికి కాలేజీ కాగితాలు నాలుగు ఉన్నవి, అద్దం కట్టించి ఉన్నవి. 1950లో స్కూలుకు కొన్న ఫుట్‌బాలు ఇప్పటికీ కొత్తదిగానే ఉన్నది. బీరువాలో తాళం వేసి ఉంచి, తనిఖీకి వచ్చినవారికి చూపించి మరల లోపల పెడతారు. సామాను భద్రముగా నున్నదని పుస్తకంలో రాసినారట. మంచి పేరే. మా సామ్యేలు ఏడేండ్లలో ఆరు బాళ్ళు చించినాడు. ఎందుకు చినిగినవో సంజాయిషీ ఇమ్మని అడిగితే “ఆడినందువల్ల” అని ఒక్క మాట రాసి పంపినాడు. వాడు కూడా నాలాగే, రాయడం తక్కువ.

రామనారాయణగారి పేరు తీసివేయమని నేను అడగడం లేదు. బాలును భద్రం చేయడమూ పనే. దాని కింద మా వాని పేరు ఒక గీతంత స్థలంలో పడుతుందని మాత్రం మనవి.

7. సామ్యేలు కప్పును గురించి నన్ను ఏనాడూ అడగలేదు. ఆ యేడు క్రిస్మసుకు వచ్చినప్పుడు, ఖాళీ గూడు చూసి వాళ్ళమ్మను అడిగితే “శెట్టి అంగట్లో ఉండాది” అన్నదట. అంతే. అప్పటినుంచి సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళమ్మ నూనెకు పంపితే, ఊరి చివర అంగడికి పోయి తెస్తాడు. అక్కడ నూనె బాగుండదు. అయినా అదే తెస్తాడు.

కావున తమరు దయయుంచి, (అ) కప్పును శెట్టిగారి చేతిలోనే ఉండగా చదివించుకొని, (ఆ) సామ్యేలు పేరు జాబితాలో చేర్చి, (ఇ) కప్పు సకాలంలో చూపించకపోయిన తప్పు ఎక్కడైనా రాయవలసి ఉంటే నా పేరున రాయించవలెనని, ఈ వంకర అక్షరాలను ఓపికతో చిత్తగించవలెనని మనవి.

తమ విధేయుడు,
పాలేటి ఓబయ్య
(స్వదస్తూరి)

తా.క. 24-11-1957. కవరు తెచ్చేవాళ్ళు లేక ఈ అర్జీ నాలుగు రోజులు చూరులో ఉండిపోయినది. ఈ రోజు ఆదివారం సామ్యేలు వచ్చినాడు. గొడుగు కోసం చెయ్యి పెడితే ఇది చేతికి తగిలినది.

“ఏంది నాయనా ఇది?”

“అర్జీరా.”

నిలబడి చదవడం మొదలుపెట్టినాడు. నాలుగో నంబరు దగ్గర కూర్చున్నాడు. 

“గుడికిచ్చినావా?”

“ఊఁ.”

“నేను నువ్వు అమ్ముకున్నావనుకున్నా నాయనా. నూనె బాకీకి శెట్టి పట్టుకున్నాడేమో, అడిగితే నీకు తలవంపులని... ఎనిమిదేండ్లు! ఒక్క మాట చెప్పుంటే ఏంబోయింది నీ సొమ్ము?”

“నువ్వు అడగలేదు గదరా.”

లిదియమ్మ పొయ్యి దగ్గరనుంచి, “ఇద్దరికీ నోళ్ళు దేవుడు ఎందుకిచ్చినాడో, అన్నం తినేదానికి తప్ప!” అన్నది. సామ్యేలు నవ్వినాడు. వాని కండ్లు కూడా తడిసినవి, అది నేను చూడనట్టు ఉన్నాను. అర్జీ పంపవద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. మడిచి నా చేతికిచ్చినాడు. ఇచ్చి ఇంకొక మాట చెప్పినాడు.

“ఏడో తేదీన మా పిల్లకాయలకు ఉదయగిరిలో స్కూళ్ళ మ్యాచి నాయనా. ఇరవై మంది నాకోసం చూస్తా ఉంటారు. నేనెట్ట వస్తాను?”

తమరు మాస్టర్లను సన్మానించడానికి పెట్టిన రోజు, మాస్టర్లకు పని ఉండే రోజు. ఆ రోజు తీరిక ఉండే మాస్టరు తీరికగా వస్తారు. తేదీ మార్చమని నేను అడగను. పందిరికి చెప్పి ఉంటారు.

కప్పు చదివినాక పేరు చేర్చడం మాత్రం మానవద్దు. సన్మానం రోజున పేరు పిలవండి. వాడు రాడు, నేను వస్తాను. ముందు వరుసలో కూర్చుంటాను. “పాలేటి సామ్యేలు” అని పిలిస్తే వాని నాయనను నేను వచ్చినానని గట్టిగా చెప్పి స్టేజీ ఎక్కుతాను. శాలువ కప్పితే కప్పించుకుంటాను. తలుపు దగ్గరకు పోను.