తీగ లేని ఫోన్ ఎత్తిన సంగతి

అహ్మదాబాదు

అన్నకు దండాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ ఎట్లా ఉన్నారో ముందు అది రాయి, మిగతావన్నీ తరువాత.

ప్రతి ఆదివారం నీ ఎస్టీడీ బూత్ నుంచి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తావు కదా, అంతా క్షేమమని. మా ఓనరు ఇంట్లో ఫోన్ అట్లా మోగి ఆగితేనే నాకు ముద్ద దిగుతుంది. రెండు ఆదివారాలుగా మోగలేదు. నేను చేస్తే కలవడం లేదు. వానలకు మన చర్ల లైను తెగిందనుకుంటున్నాను. వానలకే తెగి ఉంటుంది.

కానీ నెల కిందట మాట్లాడినప్పుడు నువ్వన్న మాట చెవిలోంచి పోవడం లేదు. "ఎవరెవరు ఫోన్ జేస్తుండ్రో చెప్పమని క్యాంపు పోలీసులు అడుగుతుండ్రు. చెప్తే అడవిలోళ్లు ఊకుంటరా? ఏం జెయ్యాల్రా తమ్మీ?" ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నాకు భయంగా ఉంది అన్నా.

ఇక్కడ పని కష్టమేం కాదు. పప్పులో బెల్లం వేస్తారు, అదొక్కటే బాధ. డిజైన్ మ్యూజియంలో నేను కాపలా ఉండే గదిలో విదేశాల నల్ల ఫోన్ ఒకటుంది. పూలూ నగిషీలూ లేకుండా నున్నగా చేసిన తొలి ఫోన్లలో అదొకటట. నాకు మాత్రం నాన్న మన బూత్‌లో పెట్టిన మొదటి ఫోన్ లాగే కనిపిస్తుంది. దాన్ని ఎవరూ ముట్టకుండా చూడటమే నా డ్యూటీ.

మొన్న అది నా వెనక ఒక్కసారి మోగి ఆగింది. ఒళ్లు తెలియలేదు. అడ్డం కట్టిన తాడు దాటి, ఎత్తి, "అన్నా, నేనే, సమ్మయ్యను" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. చెవిలో ఏమీ వినిపించలేదు. దానికసలు తీగే లేదు. పాత గంట ఎట్లా మోగేదో జనానికి వినిపించాలని ఆ పొద్దునే పక్కన స్పీకర్ పెట్టారట, నాకెవరూ చెప్పలేదు. "ముట్టనివ్వొద్దని నిన్ను పెడితే నువ్వే ఎత్తుతావా?" అని సూపర్‌వైజర్ తిట్టాడు. ఇంకోసారైతే ఇంటికే అన్నాడు. తిట్లు పడ్డందుకు నాకు బాధ లేదు. అది రోజంతా మోగుతూనే ఉంటుంది, మోగినప్పుడల్లా అటే తిరిగి చూస్తున్నాను.

నా మాట విను. బూత్ ముయ్యి. లైను చెడిపోయిందని రెండు వైపులవాళ్లకూ చెప్పు. అమ్మనూ వదిననూ తీసుకుని సత్తుపల్లిలో మేనత్త ఇంటికి పో. కారప్పొడి పంపమని అడుగుదామనుకున్నాను, ఇప్పుడు వద్దులే. నా గురించి దిగులు పడొద్దు, నేను బాగానే ఉన్నాను.

అమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు. వదినకు, మేనత్తకు దండాలు.

సత్తుపల్లి చేరగానే ఫోన్ చెయ్యి. ఈసారి ఒక్క రింగుకే పెట్టెయ్యకు అన్నా. నేను ఎత్తేదాకా మోగనివ్వు.

నీ తమ్ముడు
సమ్మయ్య