కొసరి వడ్డించే సముద్రం

చందూర్,
నువ్వొచ్చిన ఆదివారం తర్వాతి బుధవారం

ప్రియమైన నా చెరుకుగడా,

నిన్ను ఇట్లా పిలిచే హక్కు పుష్పది. సన్నగా, పొడుగ్గా ఉన్నావని నీకు ఆ పేరు పెట్టింది అదే. విజయశ్రీ అని రాస్తే ఎవరో ఆఫీసరుకు అర్జీ పెట్టుకున్నట్టుంది. అందుకే నా బిడ్డ పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. ఏమనుకోకు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు "తారమ్మా" అంటావు, నేను కొంగు వెతుక్కుంటాను. అటు నువ్వు ముక్కు చీదుతావు. ఇద్దరం టవరు లేదని చెప్పుకుని పెట్టేస్తాం. కాగితానికి ఆ బాధ లేదు. నాకు అక్షరాలు నేర్పింది పుష్పే కదా, దాని బడి పుస్తకాలు ముందేసుకుని. అందుకే నా మాట చందూర్ మాట, నా రాత పుస్తకం రాత. తప్పులుంటే పంతులమ్మదే తప్పు.

మొన్న ఆదివారం నువ్వు వచ్చి ఫోనులో సముద్రం ఫోటోలు చూపించావు. "పుష్పా నేనూ వెళ్దామనుకున్నాం తారమ్మా, ఇప్పుడు మనిద్దరం వెళ్దాం" అన్నావు. "నేను సముద్రాన్ని ఏం జేసుకుంట బిడ్డా" అన్నాను నేను. నువ్వు బస్సెక్కి పోయాక గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. వస్తాను.

కానీ ఒక షరతు. నువ్వు చూపించిన రిసార్టుల్లో తిండి అంతా అందులోనే అనే రకం ఒకటి ఉంది కదా. మంచం, భోజనం, చాయ్, ఫలహారం అన్నీ కలిపే. అట్లాంటిదే చూడు. ఎన్ని పూటలు పెడతారు, ఎప్పటిదాకా పెడతారు, చేపల పులుసు ఉంటుందా, అన్నీ కనుక్కుని రాయి.

ఇది చదివి పుష్ప వాళ్ల బాపు, "సముద్రం సూడ పోతున్నవా, పెండ్లి బంతికి పోతున్నవా?" అన్నాడు. రెండింటికీ అన్నాను.

ఇంకో సంగతి. మా వదినె నాందేడ్ నుంచి వచ్చి, మూకుడు పెట్టి పోతానంది. చావు జరిగిన ఇంట్లో నూనె మూకుడు పొయ్యి ఎక్కదు కదా, దగ్గరివాళ్లెవరో వచ్చి తమ చేత్తో పెట్టేదాకా. పుష్ప పోయి ఏడాది దాటింది, మా ఇంట్లో ఒక్క గారె కాలలేదు. అయినా "ఇప్పుడు వద్దు వదినె" అని పంపేశాను. బాపు గారెల కోసం మొహం వాచి ఉన్నాడు. ఉండనీ.

ఉత్తరం బాపుతోనే పంపుతున్నాను. పసుపు అమ్మడానికి నిజామాబాద్ యార్డుకు ఎట్లాగూ వస్తున్నాడు.

ఇట్లు,
నీ దోస్తు వాళ్ల అమ్మ,
తారాబాయి

*

నిజామాబాద్

ప్రియమైన తారమ్మకు,

బాపు యార్డు నుంచి నేరుగా మా ఆఫీసుకొచ్చారు. చొక్కా, చెవులు, మీసాలు అన్నీ పసుపే. మా మేనేజరు అనిల్‌కుమార్ గారు చూసి, "ఏంటండీ, ఎవరిది పెళ్లి?" అన్నారు. బాపు ఏమన్నారో తెలుసా? "పెండ్లి గాదు సార్, పోస్టు" అని మీ ఉత్తరం తీసి నా బల్ల మీద పెట్టారు. ఆఫీసంతా నవ్వు.

మీరు వస్తానన్న వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. మీరు సరిగ్గా తినడం లేదని నాకు తెలుసు తారమ్మా. ఆ ఇంట్లో, ఆ వంటగదిలో మీకు ముద్ద దిగదు. ఎవరో వండి పెట్టే చోట మూడు రోజులు కూర్చోబెడితే తింటారని నా ఆశ. తిండి గురించి మీరే అడిగారు కాబట్టి నా పని సగం అయిపోయింది.

రెండు చోట్లకు ఫోన్ చేశాను. ఒకటి గోవాలో. మీకు ఫోటోలో చూపించిన నీలం రంగు కొలను ఉన్నది. మూడు పూటలా పెడతారు, పొద్దున ఫలహారం పదింటికి ఎత్తేస్తారు. రెండోది విశాఖపట్నం దాటాక, గుడిసెల్లాంటి గదులున్నది. అక్కడ రోజంతా బల్లల మీద వంటకాలు పెట్టే ఉంచుతారట, పళ్లెం పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లు వేసుకోవాలి.

చేపల పులుసు రెండుచోట్లా ఉందన్నారు. కానీ మీకు చేప వాసన పడదు కదా? మీ ఇంటికి వచ్చేటప్పుడు దారిలో చేప మాట కూడా ఎత్తొద్దని పుష్ప నన్ను గిల్లేది.

నా తిండి సంగతి మాత్రం అడగకండి. హాస్టల్లో ఏదో ఒకటి తింటున్నాను.

మీ,
విజయశ్రీ

*

చందూర్

ప్రియమైన చెరుకుగడా,

గోవాది వద్దు. సెలవుకు పోయిన పిల్ల పదింటిలోపు ఎట్లా లేస్తుంది? లేచి, మొహం కడుక్కుని వచ్చేసరికి వాళ్లు గిన్నెలు కడిగేసుకుంటారు. నీళ్లు నీలంగా ఉంటే కడుపు నిండుతుందా.

గుడిసెలది ఇంకా వద్దు. నీ అంతట నువ్వే పళ్లెం పట్టుకుని పోయి వేసుకోవాలంటే, ఆకలి లేనివాళ్లు రెండు ముక్కల దోసకాయ వేసుకుని వచ్చి కూర్చుంటారు. అడిగే దిక్కుండదు. అన్నం అన్నాక ఒకరు వెనక నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అని కొసరాలి. వద్దంటుంటే వెయ్యాలి. అట్లా వడ్డించేవాళ్లు ఎక్కడున్నారో వెతుకు.

బాపు చాయ్ తాగుతూ ఇదంతా విన్నాడు.

"గా రిసార్టోళ్లకు గిది సదివి వినిపించు. నిన్నే వంటకు పెట్టుకుంటరు."

"పెట్టుకుంటె పెట్టుకోనీ. నీకు ఇంట్ల నేను పెట్టుడు లేదా?"

"పెడ్తున్నవు. గారెలు మాత్రం పెడ్తలేవు."

"గారెలకు ఇంక టైముంది" అన్నాను. సణుక్కుంటూ యార్డుకు పోయే సంచులు కుట్టుకున్నాడు.

చేప సంగతి అడిగావు. నేను తినను. పక్కన ఎవరన్నా తింటే ముక్కు అటు తిప్పుకుని కూర్చుంటాను. కానీ సముద్రం దాకా పోయి చేప లేని బంతిలో కూర్చుంటే సముద్రం ఏమనుకుంటుంది? ఉండాలి.

మీ తాతలు బాపట్ల దిక్కు నుంచే కదా బోధన్ వచ్చి, కాలువ కింద భూములు తీసుకున్నది. అటువైపు చూడు. మీ అమ్మ నాగకుమారి చేతి వంట లాంటిది అక్కడ దొరకాలి.

ఇట్లు,
తారాబాయి

*

నిజామాబాద్

ప్రియమైన తారమ్మకు,

దొరికింది. బాపట్ల దాటాక ఒక చిన్న రిసార్ట్. కొలను లేదు, గుడిసెలు లేవు, వరుసగా గదులు, ముందు ఇసుక, దాని ముందు సముద్రం. వంట ఆ ఊరి ఆడవాళ్లు చేస్తారు. ఫోన్ ఎత్తినావిడ పేరు శిరీష, వడ్డించేది కూడా తనేనట. మీ ప్రశ్న యథాతథంగా అడిగాను, "వద్దంటే కూడా వేస్తారా అండీ?" అని. ఆవిడ నవ్వి, "వద్దన్నవాళ్లకే ఎక్కువ వేస్తామమ్మా" అంది. పొద్దున ఫలహారానికి టైము లేదు, ఎప్పుడు లేస్తే అప్పుడే. సాయంత్రం పునుగులు. చేప రోజూ.

ఒక్కటే చిక్కు. వెళ్లగానే చేతికి ఒక పట్టీ కడతారట. ఆ పట్టీ ఉన్నవాళ్లకు తిండికి లెక్క లేదు, ఎన్నిసార్లయినా వచ్చి కూర్చోవచ్చు. కట్టించుకోకుండా ఉండొచ్చా అని అడిగాను. కుదరదంది.

ఆస్పత్రిలో పుష్ప చేతికి కట్టినదానిలాంటిదే తారమ్మా. మీకు అది గుర్తుకొస్తే నేను తట్టుకోలేను. ఇంకో చోటు వెతకనా?

మీ,
విజయశ్రీ

*

చందూర్

ప్రియమైన చెరుకుగడా,

వెతకకు. అదే ఖాయం చెయ్యి. పట్టీ కడితే కట్టనీ.

జొన్న రొట్టెలు, పల్లీల పొడి తెస్తున్నాను. అక్కడ అన్నీ ఉంటాయని నువ్వంటావు. రైలులో ఉండవు కదా.

ఇట్లు,
తారాబాయి

*

నిజామాబాద్,
వచ్చిన మర్నాడు

ప్రియమైన తారమ్మకు,

చెప్పుల్లోంచి ఇంకా ఇసుక రాలుతోంది. నా గదిలో అమ్మాయిలకు మీ కథలే చెబుతున్నాను.

సముద్రాన్ని మొదటిసారి చూసి మీరు, "గిన్ని నీళ్లు పెట్టుకుని ఒక్క మడి తడుపదు" అన్నారు చూడండి, అది ఇప్పుడు హాస్టలంతా తిరుగుతోంది. పునుగులు చూసి "గివి బోండాల పిల్లలా?" అని శిరీష గారిని అడిగినదీ, వంటగదిలోకి వెళ్లి వాళ్లకు పచ్చిపులుసు చేసి చూపించినదీ చెప్పాను. మీరు తెచ్చిన పసుపు వాసన చూసి ఆ వంటావిడ, "ఇదండీ పసుపంటే" అని కొంగున కట్టుకుంది కదా.

పట్టీ సంగతి కూడా చెప్పాను. ఆ కౌంటర్ దగ్గర నా చెయ్యి వెనక్కి పోయింది. మీ కోసం భయపడుతున్నానని ఇక్కడినుంచి అనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే వెనకడుగు వేసింది నేనే. మీరు ముందుకొచ్చి చెయ్యి చాచారు. "ముందు నాకు కట్టు బిడ్డా. ఏం రంగు? పసుపా? ఇగ మంచిదే, మా చేను రంగు" అన్నారు. తర్వాత నా చెయ్యి మీరే పట్టుకుని ఉంచారు, ఆ అమ్మాయి కట్టేదాకా. పట్టీ నేనింకా తీయలేదు.

రెండో రోజు సాయంత్రం మీరు అన్నం మధ్యలో లేచి, నీళ్ల ఒడ్డుకు వెళ్లి కళ్లు తుడుచుకున్నారు. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. సముద్రాన్ని చూస్తే పుష్ప గుర్తొచ్చి ఉంటుంది. అయినా తిరిగొచ్చి పెరుగన్నం తిన్నారు. బాపుకు చెప్పండి, మిమ్మల్ని తినిపించి తెచ్చింది నేనేనని.

ఒక మాట అక్కడే చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. ఆస్పత్రిలో ఆ మధ్యాహ్నం నేను కిందికి క్యాంటీన్‌కు వెళ్లకుండా ఉండాల్సింది తారమ్మా. అన్ని రోజులు పక్కనే కూర్చుని, ఆ కాసేపే లేను. నేను అన్నం తింటున్నప్పుడు అది పోయింది. అంతే. ఇంకేం రాయలేను.

మీ,
విజయశ్రీ

*

చందూర్

ప్రియమైన నా చెరుకుగడా,

నీ ఉత్తరం బాపు చదవబోతే లాక్కుని నేనే చదివాను. నువ్వు నన్ను తినిపించి తెచ్చావన్న చోట పైకి చదివాను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "ఇగ పిల్లకు జెప్పు, దాచుడెందుకు" అన్నాడు. చెబుతున్నాను.

నాకు సముద్రం మీద ఆశ లేకుండె. ఆ ఆదివారం నువ్వు మా ఇంట్లో రొట్టె ముక్క తుంచి, పళ్లెం అంచున పెట్టి, కూర బాగుందని చెప్పి లేచావు. బస్సు ఆపడానికి చెయ్యి ఎత్తితే నీ గాజు మోచేతి దాకా జారింది. పుష్ప నిన్ను చెరుకుగడ అన్నప్పుడు నీలో రసం ఉండేది బిడ్డా. ఇప్పుడు గానుగలోంచి వచ్చిన పిప్పిలాగా ఉన్నావు. నీ కోసం తినమంటే తినవు. నా కోసం అంటే ఎంత దూరమైనా వస్తావు. అందుకే వస్తానన్నాను. తిండి అంతా అందులోనే ఉండాలని పట్టుబట్టింది, చేప అడిగింది, కొసరి వడ్డించాలన్నది, అన్నీ నీకే. శిరీషకు నేను వేరేగా చెప్పి పెట్టాను, ఈ పొడుగు పిల్ల వద్దంటే విననట్టు వెయ్యమని.

రెండో రోజు సాయంత్రం నువ్వు పులుసులో తల ముక్క తీసుకుని, వేళ్లు నాకి, నోరు తెరిచి ఇంకొంచెం అన్నం అడిగావు. నువ్వు అడిగినట్టు నీకే తెలియదు. నేను లేచి పోయింది అప్పుడే. సముద్రాన్ని చూసి ఏడ్చాననుకున్నావు. నేను నీ పళ్లెం చూసి ఏడ్చాను.

ఇక ఆ క్యాంటీన్ మాట. నువ్వు ఇది లోపల పెట్టుకున్నావని నాకు తెలియకపోయె. తెలిస్తే ఆనాడే చెప్పేదాన్ని. నిన్ను కిందికి పంపింది పుష్ప. పొద్దుటినుంచి నువ్వేం తినలేదని నాతో రెండుసార్లు అన్నది. నువ్వు పోయాక కండ్లు తెరిచి, "అమ్మా, సెరుకుగడ తిన్నదా?" అని అడిగింది. "తిననీకె పోయింది బిడ్డా" అన్నాను. "మంచిగైంది" అన్నది. దాని ముఖం నిమ్మళమైంది. ఇంకో మాట మాట్లాడలేదు. నా బిడ్డ పోయేటప్పుడు దాని చెవిలో పడిన మంచి మాట అదొక్కటే, దోస్తు అన్నం తింటున్నదని. నువ్వు అక్కడ లేకపోవడం కాదు అది. నువ్వు దాని మాట విన్నావు. ఏడాది నుంచి వినడం లేదు, అదే నా బాధ.

మూకుడు సంగతి. మా వదినెను ఎందుకు ఆపానో ఇప్పుడు చెప్పొచ్చు. మూకుడు పెట్టినామె మొదటి వాయి గారెలు ఇంటివాళ్లతో కూర్చుని తినాలి, అప్పుడే ఆ ఇంటికి పండుగ తిరిగొచ్చినట్టు. వదినె మంచిదే, కానీ నా పొయ్యి మీద మూకుడు పెట్టే చెయ్యి నీదని నాకు మొదటినుంచి ఉంది. తిననిదానివి ఎట్లా పెడతావు? అందుకే నిన్ను తిండికి అలవాటు చేసేదాకా ఆగాను.

ఉగాదికి రా. పిండి నేను కలిపి ఉంచుతాను, పొయ్యి నువ్వు ముట్టించు. మొదటి వాయిలోనుంచి బాపు ఒకటి దొంగిలిస్తాడు, చెయ్యి మీద గరిటెతో కొట్టు. ఈసారి నమలడానికని గట్టు మీద కొంచెం చెరుకు కూడా పెట్టాము, బాగా వచ్చింది.

ఆ పసుపు పట్టీ తీయకు, దానంతట అది తెగేదాకా ఉండనీ. నాది కూడా చేతికే ఉంది. మొన్న మార్కెట్లో ఒకామె "ఏం కట్టుకున్నవక్కా?" అని అడిగితే, "ఇదుంటే తిండికి లెక్క లేదు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

ఇట్లు,
నీ దోస్తు,
తారాబాయి

బాపు యార్డుకు బయలుదేరుతున్నాడు, ఉత్తరంతోపాటు రొట్టెలు, కూర పెట్టిన గిన్నె కూడా ఇస్తున్నాను. మూత తీసి ఆఫీసులో అందరికీ పంచకు. నువ్వు మంచిగా తిను.